తెలుగెలా వచ్చింది?

డిగ్రీ అయ్యాక జర్నలిజం సీటు కోసం ఇంటర్వ్యూకెళ్లాను. రాతపరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. బల్లకవతలాయన నా పేరు రెండుసార్లు చదివి, ‘మీకు తెలుగింత బాగా ఎలా వచ్చింది?’ అన్నాడు. మెచ్చుకోలే! మా అమ్మీ జోలపాట ఉర్దూ, మా వీధి గోలీలాట తెలుగు. రెండూ నావేనని చెప్పలేక నవ్వాను. సీటు రాలేదు.

మొన్న బేటీని ఎప్‌సెట్ సర్టిఫికెట్ల వెరిఫికేషనుకి తీసుకెళ్లాను. ర్యాంకు కార్డు చూశారు, బీసీ-ఈ కాగితం చూశారు. 2007 చట్టమిచ్చిన ఆ 4 శాతం మతానికి కాదు, వెనుకబాటుకి. షేకులం, మాకుంది; పక్కింటి సయ్యదులకి లేదు. కోచింగుకి డబ్బుల్లేని ఇల్లు ర్యాంకుకీ కనపడదు, నిజమే. అయినా తెలుగెలా వచ్చిందని నా బేటీని అక్కడెవరూ అడగలేదు. నాకంతే చాలనిపించింది. తనకి మాత్రం అంతే చాలకూడదు.