వోటు వేయనివారు

పోలింగునాడు ఇల్లు కదలనివారిని సోమరులని నిందించుట పరిపాటి యైనది. ఈ నిందను మేము పూర్తిగా నంగీకరింపజాలము. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగరపాలక సంస్థకు జరిగిన యెన్నికలలో వోటర్లలో సగముమందియైనను రాలేదు. 2019 జనవరిలో తెలంగాణ గ్రామపంచాయతీల యెన్నికలలోనో, నూటికి 80 మందికి మించి వోటు వేసిరి. పల్లెవాడు పట్టణము చేరినంతనే సోమరి యగునా?

మా పొరుగున నొక ముసలమ్మ కలదు. "మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సర్పంచికి తప్పకుండా వేశాను బాబూ. ఇక్కడ గుర్తు తెలుసుగాని మనిషి తెలియడు" అని యామె చెప్పినది. సర్పంచి పదవికి పార్టీ గుర్తుపై పోటీ లేదు. లోలోపల పార్టీలుండుటయు, సారాయియు నోట్లును ప్రవహించుటయు మే మెఱుగుదుము. ఐనను నిలిచినవాని గుణదోషములు అచ్చట ప్రతి యింటికిని తెలియును.

ఎవరును నచ్చనివారికి 2013లో సుప్రీంకోర్టు తీర్పువలన 'నోటా' లభించినది. కాని శాసనసభ, లోకసభ యెన్నికలలో దానికే అధికముగా వోట్లు వచ్చినను, తరువాతివాడే గెలుచును. వరుడు నచ్చలేదని పిల్ల చెప్పగా శ్రద్ధగా వ్రాసికొని, ఆ ముహూర్తమునకే తాళి కట్టించినట్లున్నది.

క్రొత్త పార్టీ యొక్కటే శరణ్యమందురు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశము 1983 జనవరిలోనే కాంగ్రెసును గద్దె దింపినది. అదియు కాలక్రమమున పెద్ద పార్టీలలో నొకటి యైనది. 2008లో వెలసిన ప్రజారాజ్యము మరుసటి యేట 18 స్థానములు గెలిచి, 2011లో కాంగ్రెసున లీనమైనది. వోటు వేసినవారి నెవరైన నడిగిరా?

మాకు నల్లగొండ మఱపునకు రాదు. ఫ్లోరైడు నీటివలన పండ్లు గారపట్టి యెముకలు వంగిన ఆ జిల్లావారు, 1996 లోకసభ యెన్నికలను బహిష్కరింపక, తామే గుంపులుగా నామినేషనులు వేసిరి. అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్టు కాగితము పుస్తకమైనది. నిరసనగా నిలిచినవా రెవరును గెలువలేదు గాని, వారి నీటిగోడు దేశమంతయు విన్నది.

ఆ యేటనే చట్టము మారినది. లోకసభకు 500 రూపాయలుగా నున్న ధరావతు 10,000 అయ్యెను, ఇప్పుడు 25,000. గుర్తింపుగల పార్టీ యభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలును. తక్కినవారికి పదిమంది కావలయును. పెద్దవారికి సింహద్వారము, చిన్నవారికి దొడ్డిగుమ్మము! వేళాకోళపు టభ్యర్థులను తగ్గించుటకే యనిరి. అందుకు పదిమంది సంతకములు చాలవా? ధరావతు మొత్తము తగ్గవలెననియు, నగరములలో వార్డుల యెన్నికలైనను పార్టీ గుర్తులు లేక జరుగవలెననియు మా కోరిక.

మా వీథిలో మురుగుకాలువ సంగతి యడుగుటకు నెలకొకసారి కూడు గృహిణులు పండ్రెండుగురు కలరు. వారిలో నొకరు శాసనసభకు నిలిచినచో ప్రతిపాదకులకై వేఱొక గడప త్రొక్క నక్కఱలేదు. ధరావతు పదివేల మాటయే మిగిలినది. దానికై చీటి వేయుదమా యని మొన్న వారిలో నొకరడిగిరి.