దుబాయిలో జమ్మిచెట్టు

దుబాయి కట్టినవాళ్లు మన పల్లెల్లో చాలామందే దొరుకుతారు. దుబాయి చూసినవాళ్లే తక్కువ. క్యాంపు నుంచి సైటుకు కంపెనీ బస్సు, సైటు నుంచి క్యాంపుకు మళ్లీ అదే బస్సు. మధ్యలో కిటికీలోంచి కనిపించిందే దుబాయి. కొల్లాపూర్ వైపు నుంచి 2011లో వెళ్లిన ఓ సెంట్రింగ్ మేస్త్రి కూడా మొదటి రెండేళ్లూ అలాగే గడిపాడు. వారానికి శుక్రవారం ఒక్కటే సెలవు. బట్టలుతుక్కుని, కూర వండుకుని, ఇంటికి ఫోన్ చేసి నడుం వాల్చితే పొద్దుగూకేది.

గల్ఫ్ అనగానే కరీంనగర్, నిజామాబాద్ గుర్తొస్తాయి. పాలమూరు వాళ్ల దారి ఎక్కువగా బొంబాయి, పుణె. ఆ దారిలో చేసిన బాకీలు తీరకే ఇతను ఇంకా పెద్ద బాకీ చేసి విమానం ఎక్కాడు. ఏజెంటుకు లక్షన్నర. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. అది తీరేదాకా ఒక్క దిర్హాము కూడా తన సరదాకు ఖర్చు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మూడో ఏడు ఒట్టు తీరింది. ఆ వారమే, ఒకే గదిలో ఉండే దేవరకొండ కుర్రాణ్ని వెంటబెట్టుకుని బర్ దుబాయి బస్సెక్కాడు.

అక్కడి అల్ ఫహిదీ కోట 1787 నాటిది. సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయితో కట్టారు. 1971లో దాన్ని మ్యూజియంగా మార్చారు. తర్వాత మరమ్మతులకు మూసేశారు గానీ, అప్పట్లో టికెట్టు 3 దిర్హాములే. టీ తాగినంత ఖర్చు.

"కోట అంటే గింతేనా అన్నా?" అన్నాడు కుర్రాడు. దేవరకొండ ఖిల్లా నీడన పెరిగినవాడు మరి. మేస్త్రికీ అలాగే అనిపించింది. ఆవరణలో ఈతకమ్మల గుడిసె లాంటిదొకటి, పాత పడవలు కొన్ని. చూసేసి వెళ్లిపోదామనుకుంటూనే మెట్లు దిగారు. కింద నేలమాళిగలో నిలువెత్తు బొమ్మలు, పాత బజారు చప్పుళ్లు. అక్కడే ముత్యాల కోసం మునిగేవాళ్ల దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. పలకల మీది ఇంగ్లీషును పక్కనున్న మలయాళీ అబ్బాయి హిందీలో చెప్పుకొచ్చాడు. అక్కడ రాసింది కొంత, తనకు తెలిసింది కొంత.

దుబాయిలో చమురు పడింది 1966లో. అంతకుముందు తరాల తరబడి ఆ ఊరిని పోషించింది ముత్యాలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఎండలు మండే నాలుగు నెలలూ మగవాళ్లంతా పడవల మీదే. ముక్కుకు చిన్న క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట. రాయి బరువుకు మనిషి అడుక్కి దిగిపోతాడు. ఊపిరి ఉన్నంతసేపు చిప్పలు ఏరి తాడు గుంజితే పైనున్నవాడు లాగేస్తాడు. కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ మునక. పొద్దంతా అదే పని. హైదరాబాద్‌లో బస్రా ముత్యాలని గొప్పగా చెప్పుకునేవి ఈ సముద్రంలోవే. నిజాం ఏడుపేటల హారంలో మెరిసినవీ ఇవే. ఆ హారంతో సహా 173 నగలను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది.

మేస్త్రికి హారం కథ పట్టలేదు. అడ్వాన్సు కథ దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నాడు. పడవ నాయకుణ్ని నఖుదా అంటారు. సీజను మొదలుకాక ముందే అతను మునిగేవాళ్ల ఇళ్లకు అడ్వాన్సు ఇస్తాడు. నాలుగు నెలల తర్వాత లెక్క చూస్తే బాకీ అలాగే ఉంటుంది. కాబట్టి మరుసటి ఏడూ అదే పడవ ఎక్కాలి. మునిగినవాడు సముద్రంలోనే పోతే ఆ బాకీ కొడుకు నెత్తిన పడేది.

"గిది మా నాయిన కతే గద తమ్మీ" అన్నాడట మేస్త్రి.

పాలమూరులో నఖుదా ఉండడు, గుంపు మేస్త్రి ఉంటాడు. పండగ ముందు ఇంటికొచ్చి చేతిలో డబ్బు పెడతాడు. పండగ వెళ్లగానే ఆలుమగలిద్దరూ ముల్లె కట్టుకుని, దేశంలో ఎక్కడ ఆనకట్ట లేస్తుంటే అక్కడికి పోవాలి. పాలమూరు లేబర్ అన్న పేరు అలా పుట్టిందే. 1955లో పునాది పడిన నాగార్జునసాగర్‌కు ఈ మేస్త్రి తాత వెళ్లాడు. తర్వాత శ్రీశైలానికి తండ్రి వెళ్లాడు. 1980ల మొదట్లో ఆ శ్రీశైలం నీళ్లే వచ్చి వాళ్ల ఊరిని ముంచాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని ఏ రాయికారాయి విప్పి, అలంపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మంచి పనే. మనుషులకు మాత్రం పరిహారం ఇచ్చి ఎవరి దారి వాళ్లను చూసుకోమన్నారు. తండ్రి ఆ డబ్బు మేస్త్రి బాకీకే కట్టాడు. అదీ చాలలేదు. మిగిలినదానికి పెద్దకొడుకు గుంపులో చేరాడు.

నాగార్జునకొండ మ్యూజియంలో ఇక్ష్వాకుల కాలం నాటి శిల్పాలు చూడముచ్చటగా ఉంటాయి. ఆనకట్టకు రాళ్లు మోసిన తట్ట, తలచుట్ట, వేలిముద్ర వేసిన అడ్వాన్సు కాగితం కూడా ఓ మూల ఉంటే వాటికేం తక్కువ? దుబాయి వాళ్లు తమ ముత్యాల కూలీని అద్దాల వెనక గౌరవంగా నిలబెట్టుకున్నారు. 1930లకల్లా జపాన్ పెంపుడు ముత్యాలు, ప్రపంచమంతా కమ్మిన మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. ఇప్పుడు అదే జూన్, సెప్టెంబరుల నడుమ మూడు నెలలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదన్న రూలుంది. ఆ నీడన కూర్చునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత శుక్రవారాలు క్యాంపులో గడవలేదు. ఒక్క దిర్హాముకు అబ్రా పడవెక్కి కాలువ దాటడం, గాలి బురుజుల పాత ఇళ్ల సందుల్లో తిరగడం. తన తాతల కాలంలో ఇక్కడ మన రూపాయే చెల్లేదని తెలిసి మేస్త్రి నవ్వుకున్నాడు. గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు 1959లో వేరే రంగు నోట్లు అచ్చు వేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఆ ముచ్చట ముగిసింది. 2018లో దుబాయి ఫ్రేమ్ తెరిచారు. అప్పట్లో టికెట్టు 50 దిర్హాములు, అప్పటి మన లెక్కలో దాదాపు తొమ్మిది వందలు. దాన్ని బయటి నుంచే చూశాడు.

వీటన్నిటికంటే అతను ఎక్కువసార్లు వెళ్లింది ముష్రిఫ్ పార్కుకు. వాళ్ల క్యాంపు సోనాపూర్‌లో. అది కూలీలే పెట్టుకున్న పేరు, బంగారు ఊరని అర్థం. పార్కు అక్కడికి మరీ దూరం కాదు. దేవరకొండ కుర్రాడు పనిచేసేది మొక్కల కంపెనీలో. అతనే ఓ రోజు చేయి పట్టి లాక్కెళ్లి చూపించాడు.

"అన్నా, గీ చెట్టేందో చెప్పు?"

సన్నటి ఆకు, కొమ్మలకు ముళ్లు. గరుకు బెరడు. జమ్మి! ఒకటి కాదు, పార్కు నిండా అవే. అరబ్బులు గాఫ్ అంటారు. రాజస్థాన్‌లో ఖేజ్డీ. వేరు ఎంతో లోతుకు దిగి నీళ్లు వెతుక్కుంటుంది కాబట్టి ఇసుకలోనూ పచ్చగా ఉంటుంది. ఒంటెలకు మేత, మనుషులకు నీడ. ఎమిరేట్స్ 2008లో దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించుకుంది. 2014 నవంబరులో తెలంగాణ కూడా తన రాష్ట్ర వృక్షంగా జమ్మినే ఎంచుకుంది. ఇక్కడో ప్రభుత్వం, అక్కడో ప్రభుత్వం, చెట్టు ఒకటే.

ఆ ప్రకటన రావడానికి నెల ముందు, ఆ ఏటి దసరా సరిగ్గా శుక్రవారం పడింది. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని సాయంత్రం పార్కుకు వెళ్లారు. పాలపిట్ట కోసం కాసేపు తలలెత్తి చూశారు, కనిపించలేదు. కొమ్మ తుంచితే జరిమానా వేస్తారేమోనని కుర్రాడి భయం. కింద రాలిన రెబ్బలే ఏరాడు. ముందు తను మేస్త్రి చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు.

"బంగారం తీస్కో అన్నా."

మేస్త్రి అతణ్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. తిరిగొచ్చాక ఆ ఆకులను భద్రంగా పాస్‌పోర్టులో పెట్టుకుందామనుకున్నాడు. అది కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది. బస్సు కార్డు కవరులో పెట్టుకున్నాడు.