మా ఇంటి కుంకుమ

తెలుగులో అన్నిటికీ తాబేలు అని ఒక్క పేరే ఉండడం వల్ల మా ఇంట్లో వారం రోజులు పెద్ద పంచాయితీ నడిచింది.

మా మరిది దసరాకి విశాఖపట్నం నుంచి వస్తూ మా చిన్నదానికి ఒక తాబేలు పిల్లని తెచ్చాడు. బిస్కెట్టంత ఉంటుంది. కళ్ళ వెనక ఎర్రటి చార ఉందని కుంకుమ అని పేరు పెట్టుకుంది చిన్నది. అక్వేరియం షాపువాడు ఒక గాజు గిన్నె, గుళికల డబ్బా చేతిలో పెట్టి "ఇది ఇంతే ఉంటుంది సార్, పెరగదు" అన్నాడట. సంక్రాంతి దాటేసరికి అది తిండి మానేసింది. కళ్ళు రెండూ ఉబ్బి మూసుకుపోయాయి. డిప్ప ముట్టుకుంటే నీళ్ళలో నానిన గోరులా మెత్తగా ఉంది.

అత్తమ్మ చూసి "ఏటమ్మీ, దేవుడి సొమ్ము ఇంట్లో ఉంచుకుంతారేటి? శ్రీకూర్మం అట్టుకెళ్ళి గుళ్ళో వదిలీండి" అంది. మా ఆయనేమో "ఇంటి ముందు సముద్రం పెట్టుకుని అంత దూరం ఎందుకు? ఒడ్డున వదిలితే అదే పోతుంది" అన్నారు. ఇద్దరిదీ మంచి మనసే. ఎవరి మాట విన్నా కుంకుమ చచ్చిపోయేది.

శ్రీకూర్మం గుడిలో ఉండేవి నక్షత్ర తాబేళ్ళు. నేల మీద తిరుగుతూ గడ్డీ ఆకులూ తినే జాతి. వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇళ్ళల్లో పెంచకూడదు కూడా. మా భావనపాడు వైపు ఒడ్డుకి జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆలివ్ రిడ్లీలు, సముద్రపు తాబేళ్ళు. ఒక్కొక్కటి ఇసకలో గొయ్యి తవ్వి నూరు గుడ్ల దాకా పెట్టి, కప్పేసి వెళ్ళిపోతుంది. ఇసక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ. ఇది చదివి వినిపిస్తే, వరసగా నలుగురు ఆడపిల్లల్ని కన్న మా అత్తమ్మ "ఈ ముక్క అప్పుడు మీ మావకి ఎవులూ సెప్పనేదు" అని పడీ పడీ నవ్వింది.

కుంకుమ ఈ రెండూ కాదు. అమెరికా మంచినీటి జాతి, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. ఉప్పునీళ్ళు పడవు. పోనీ చెరువులో వదిలితే మన ఊరి తాబేళ్ళ తిండికీ చోటుకీ పోటీ. అంటే మనమే చూసుకోవాలి.

టెక్కలిలో పశువుల డాక్టరుగారు "నాది ఆవుల్నీ మేకల్నీ చూసే చెయ్యమ్మా" అంటూనే, విశాఖలో తెలిసిన డాక్టరుకి ఫోటోలు పంపి కనుక్కుని చెప్పారు. కళ్ళ వాపు విటమిన్ ఎ తక్కువై, డిప్ప మెత్తబడడం ఎండా కాల్షియం లేక. మందు ఆయనే కొలిచి ఇచ్చారు. మనం వేసుకునే విటమిన్ మాత్రలు పొడి చేసి పెట్టొద్దన్నారు, విటమిన్ ఎ ఎక్కువైనా ప్రమాదమేనట.

గాజులోంచి పడే ఎండ పనికిరాదు. డిప్పకి కావలసిన కిరణాల్ని గాజు ఆపేస్తుంది. అందుకని రోజూ పొద్దున్న పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గర ప్లాస్టిక్ టబ్బు, అందులో సగం నీడ, ఎక్కి కూర్చోడానికి ఒక చదును రాయి. కాకుల కాపలాకి కర్ర పట్టుకుని అత్తమ్మ. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. తోటకూర, క్యారెట్ తురుము, చిన్న చేప ముక్కలు. కళ్ళు కనపడవు కదా, మూతి దగ్గరగా నీళ్ళలో ఆడిస్తూ పట్టుకుని కూర్చోవాలి. నా చంటిపిల్లలకి కూడా ఇంత ఓపికగా పెట్టలేదని మా ఆయన దెప్పుతారు.

పిల్లలున్నవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ టబ్బు వంటింటి సింకులో కడగొద్దు. వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, పిల్లలకి విరేచనాలు, జ్వరం వస్తాయి. ఈ కారణంగానే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకం ఆపేశారు. మా చిన్నది ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

పదకొండో రోజున కుడి కన్ను తెరిచింది. తోటకూర తనే వచ్చి లాక్కుంది. ఎడమది ఇంకా సగమే. డిప్ప అంచులు గట్టిపడ్డాయి, నడుమ మెత్తగానే ఉంది. బతికితే అడుగు పొడవు దాకా పెరుగుతుందట, ముప్పై ఏళ్ళు ఉండొచ్చట. మా ఆయన సిమెంటు తొట్టికి కొలతలు తీస్తున్నారు.

కళ్ళు తెరిస్తే వస్తానని అత్తమ్మ కూర్మనాథుడికి మొక్కుకుంది. ఒక కన్నే తెరిచింది కాబట్టి ఇప్పుడు సగం మొక్కు తీర్చాలట. వచ్చే ఆదివారం శ్రీకూర్మం వెళ్తున్నాం, కుంకుమని ఇంట్లోనే ఉంచి.