ఎన్ని జాస్తి?

ప్రామాణిక పరీక్షలో వేలమంది పిల్లలకు ఒకే ప్రశ్న, ఒకే గడువు, ఒకే తీరు మార్కులు. ఒక ఊరి బడిని ఇంకో ఊరి బడితో పోల్చాలంటే ఆ సమానత్వం ఉండాల్సిందే. అయితే ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో చాలామందికి చదవడమే ఇంకా పట్టుబడి ఉండదు. వాళ్ల ముందు అచ్చు ప్రశ్న పెడితే, లెక్క రాక తప్పిందా, వాక్యం అర్థం కాక తప్పిందా అన్నది మార్కుల పట్టీలో కనిపించదు.

ఈ తేడాను తేటగా పట్టి చూపింది టామ్ హడ్సన్ 1983లో ప్రచురించిన పరిశోధన. కొన్ని పిట్టలు, వాటికన్నా తక్కువ పురుగులు ఉన్న బొమ్మ చూపి, ‘పురుగుల కంటే పిట్టలు ఎన్ని ఎక్కువ?’ అని అడిగితే ఒకటో తరగతిలో 64 శాతం మందే సరిగ్గా చెప్పారు. ‘ఒక్కో పిట్ట ఒక్కో పురుగును పట్టుకుంటే ఎన్ని పిట్టలకు పురుగు దొరకదు?’ అని మార్చి అడిగితే అందరూ చెప్పారు. అంతకు ముందు తరగతిలో 25 శాతం కాస్తా 96 అయింది. బొమ్మ మారలేదు, చేయాల్సిన తీసివేత మారలేదు. మారింది మాట ఒక్కటే.

కడప జిల్లాలో ఈ చిక్కు ఇంటి మాటతోనే మొదలవుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ‘ఎక్కువ’ అనాల్సిన చోట ‘జాస్తి’ అంటారు. పులివెందుల వైపు చీనీతోట పక్కన పెరిగే బిడ్డను ‘నీకంటే అన్నకు ఎన్ని కాయలు జాస్తి?’ అని అడిగితే వెంటనే వేళ్లు మడిచి లెక్కపెడుతుంది. ప్రశ్నపత్రం అదే బిడ్డను ‘భేదం ఎంత?’ అని అడుగుతుంది. 2020 తర్వాత పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా వస్తున్నాయి. అంటే ఒక్క తీసివేత కోసం ఇంటి తెలుగు, పుస్తకాల తెలుగు, ఇంగ్లిషు మూడూ దాటాలి. నిజానికి అంకెల పేర్లలో తెలుగు బిడ్డకు తోడుగా నిలుస్తుంది. పదమూడు అన్నప్పుడు పది, మూడు రెండూ చెవిన పడతాయి. ఎలెవెన్, ట్వెల్వ్ అన్నప్పుడు పది వినిపించదు.

2022-23లో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడుల్లో తరగతి గది ఆధారిత మూల్యాంకనం 1 నుంచి 8 తరగతుల దాకా సున్నాలు దిద్దే ఓఎంఆర్ పత్రాలతో వచ్చింది. ఎనిమిదో తరగతికి అది సరిపోతుంది. ఒకటో తరగతి బిడ్డకు పెన్సిలు పట్టడమే కొత్త. ఒక వరుస తప్పి దిద్దితే కింది జవాబులన్నీ తప్పిపోతాయి. నాలుగింట్లో ఏదో ఒకటి గుడ్డిగా దిద్దినా సగటున నాలుగో వంతు ఒప్పవుతాయి. జాగ్రత్తగా రాసిన ప్రశ్నకు విలువ లేకపోలేదు. 42లోంచి 17 తీసేసే లెక్కకు ఇచ్చే జవాబుల్లో 35 కూడా ఉంటే, ఏ వరుసలోనైనా పెద్ద అంకెలోంచే చిన్న అంకెను తీసే అలవాటు బయటపడుతుంది. కానీ పక్కన కూర్చుని ‘ఎట్ల చేసినావు?’ అని అడిగితే ఆ సంగతి బిడ్డ నోటి నుంచే వస్తుంది, కారణంతో సహా.

నోటితో అడిగే పద్ధతి ఈ జిల్లాకు కొత్త కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని, 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో కడప ఒకటి. 2001-02లో పుట్టిన పిల్లలకు ఐదేళ్ల వయసులో బొమ్మలు చూపి, ‘కొన్ని’, ‘చాలా’ వంటి మాటలకు సరిపోయే బొమ్మను వేలితో చూపమన్నారు. 2005లో మొదలైన ‘ప్రథమ్’ వారి అసర్ సర్వే ఇంటికే వెళ్లి ఒక్కో బిడ్డతో విడిగా అంకెలు గుర్తుపట్టించి, తీసివేత, భాగహారం చేయిస్తుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లలు సుమారు 86 వేల మందిని ఇలాగే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగింది. దీనికి సమయం పడుతుంది. తలా పది నిమిషాలైనా ఇరవై మందికి మూడు గంటలు దాటుతుంది. ఒకే టీచరు ఉన్న బడికి అది బరువే. అయినా చిన్న తరగతులకు ఆ మూడు గంటలు ఇచ్చి తీరాలి.

అమెరికా కేంద్ర చట్టం ఈ చిన్న తరగతులకు పరీక్ష అడగదు. అక్కడ 2001 నాటి ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం లెక్కల పరీక్షను ఏటా 3 నుంచి 8 తరగతులకు తప్పనిసరి చేసింది. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టమూ మూడో తరగతి అనే ఆ గీతను అలాగే ఉంచింది. టెక్సస్‌లో ‘స్టార్’ పరీక్ష మూడో తరగతితోనే మొదలవుతుంది. ఆ గీత మంచిది. దాన్ని చెరిపేది ఎక్కువగా ఇంట్లోనే. ర్యాంకుల మధ్య పెరిగి అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు కొందరు, ఒకటో తరగతి బిడ్డ చేత మూడో తరగతి నమూనా ప్రశ్నలు దిద్దిస్తారు. దానికి బదులు, దోసెడు శెనక్కాయలు రెండు కుప్పలుగా పోసి, ఏ కుప్పలో ఎన్ని జాస్తో ఇంటి మాటలో అడగడానికి ఐదు నిమిషాలు చాలు. జవాబు తప్పితే, ఎక్కడ తప్పిందో ఆ కుప్పల దగ్గరే కనిపిస్తుంది.