జీతం వస్తున్న రోజుల్లోనే

మా మిల్లు హఠాత్తుగా మూతపడిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. ఏడో నిజాం 1934లో కొడుకు ఆజం జా పేరుతో వరంగల్‌లో పెట్టించిన ఆజంజాహి మిల్లు 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది, 2002లో మూతపడింది. ఈలోపు ఎన్ని చూడలేదు! 1982 బొంబాయి సమ్మె తర్వాత అక్కడి మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పొట్ట చేతబట్టుకుని అక్కడికి పోయిన మనవాళ్లు కొందరు తిరిగొచ్చారు. భివండీ, సిరిసిల్ల పవర్‌లూమ్ బట్ట ముందు పెద్ద మిల్లుల బట్ట ధరలో నిలవలేకపోయింది. అయినా వీవింగ్ సెక్షన్‌లో మా మాట ఒక్కటే: ‘సర్కారు మిల్లు, యాడికి పోతది?’

మా షిఫ్టులో ఒకాయన సెలవు రోజుల్లో పోచమ్మమైదాన్ దగ్గర ఓ మోటారు వైండింగ్ షాపులో కూర్చునేవాడు. ఊళ్లల్లో బోర్లు పెరిగినకొద్దీ, లోవోల్టేజీకి మోటార్లు కాలుతున్నకొద్దీ ఆ పనికి గిరాకీ. నన్నూ రమ్మన్నాడు. ‘మిల్లుల పర్మినెంటు నౌకరి పెట్టుకుని పోరగాళ్ల పక్కన కూసుని తీగ చుడతవా?’ అని నలుగురిలో నవ్వాను. నాకు తీరిక లేక కాదు. ఆదివారాలు పేకాటకు సరిపోయేవి.

మిల్లు మూతపడ్డప్పుడు వచ్చిన వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) డబ్బులో కొంత అప్పులకు, కొంత అమ్మాయి పెళ్లికి పోయింది. మిగిలింది నెలనెలా జీతం తీసుకున్నట్టే తీసుకుని తిన్నాం. ఖర్చు పైసా తగ్గించలేదు, ఇంట్లో లెక్క చెప్పలేదు. బ్యాంకులో అడుగంటాక అదే షాపు మెట్లెక్కాను. చుట్లు లెక్క తప్పినా, తీగ తెగినా, నా కొడుకు ఈడు కుర్రాడు ‘కాకా, మల్ల మొదటికెళ్లి చుట్టు’ అనేవాడు. వాడి తప్పేం లేదు. నౌకరి ఉన్నప్పుడు వెళ్లి ఉంటే నా తప్పులు చూసి నేనూ నవ్వేవాణ్ని, ‘సరదాకు నేర్చుకుంటున్నాడు’ అనేవాళ్లు. ఇప్పుడు ‘పాపం’ అన్నారు. ఆ మాట పడలేక రెండుసార్లు మానేశాను కూడా. నేర్చుకోవడానికి నా వయసు అడ్డు కాలేదు. అవసరంలో ఉన్నానన్న సిగ్గు అడ్డొచ్చింది. జీతం ఉండగా ఆ సిగ్గు ఉండదని ముందే తెలిసుంటే, పేకాటలో సగం ఆదివారాలైనా మిగిలేవి.

గీసుకొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు అక్కడే ఓ ఫ్యాక్టరీలో కుట్టు లైన్‌లో ఉన్నాడు. వారం సెలవు రోజున మిషన్లు బాగుచేసే మెకానిక్ వెంట తిరగమని పోరింది నేనే. జీతంలో కొంత విడిగా దాచమని, ఆ లెక్క భార్యకు చెప్పమని కూడా అన్నాను. దాచడం మొదలుపెట్టాడు. మెకానిక్ పని మాత్రం ఇంట్లో గొడవైంది. ‘ఉన్న ఒక్క సెలవు కూడా మీరే గుంజుకుంటే ఎట్ల మామా?’ అని కోడలు నన్నే అడిగింది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. నెలకు రెండు సెలవులు ఇంట్లోనే ఉండమని వాడికి చెప్పాను.