సీత పేరిట

శరదృతువు వచ్చినను మనవైపు పండ్లజాడ యెక్కడను గానక మొగము వాచియున్న నాకు, ఢిల్లీ నగరమున నొక భోజనశాలలో వడ్డించువాడు వచ్చి నేడు సీతాఫలము గలదని చెప్పినప్పుడు కలిగిన యానందమును, పిమ్మట వాడు తెచ్చి కంచములో గుమ్మరించిన గుమ్మడికాయ కూరను చూచి కలిగిన యాగ్రహమును నేటికిని విడదీసి తలపోయజాలను. అచ్చటివారు గుమ్మడిని సీతాఫల్ అందురట. మన సీతాఫలమును షరీఫా అందురట. అందురు గాక! గుమ్మడి మంచి కాయయే. దప్పళమున దానికి సాటి లేదు. సంక్రాంతికి దానిని దానము సైతము చేయుదురు. కాని జానకీదేవి నామధేయమును దానికి తగిలించుటకు వారికి మనసెట్లొప్పెనో నాకు బోధపడదు.

సీత యనునది సంజ్ఞావాచకము గాకమునుపు జాతివాచకము. నాగలి పోయిన జాడకు సంస్కృతమున అది పేరు. అమరసింహుడును ఆ యర్థమునే చెప్పినాడు. ఋగ్వేదము నాల్గవ మండలము 57వ సూక్తమున ఋషి సీతను పిలిచి పంట నిమ్మని వేడుకొనునప్పుడు ఆతని యెదుట నున్నది మిథిలా రాజపుత్రిక గాదు, దున్నిన పొలము. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, విత్తనములు సేకరించుట, వానల తీరు చూచి ఏ పంట యెప్పుడు వేయవలెనో నిర్ణయించుట మున్నగు పనులు గల రాజోద్యోగికి సీతాధ్యక్షుడని పేరు. రామాయణము మాత్రమే చదివినవారు ఈతనిని అంతఃపురపు కావలివానిగా భావించినను వింత లేదు. జనకుడు భూమి దున్నుచుండగా చాలులో దొరకిన బిడ్డకు ఆ చాలు పేరే పెట్టినాడు. ఆ రాజర్షి తెలుగువాడై యుండినచో బిడ్డకు చాలమ్మ యని పేరు పడియుండెడిది; వరుసగా ఆడపిల్లలు పుట్టిన యింటి పేరనుకొని లోకము జాలిపడియుండెడిది.

మన పల్లెలు ఆ పాత యర్థమును ఏనాడో మరచినవి. మరచి, ఆమె పేరును మాత్రము కంటికి ఇంపైన ప్రతిదానికి ధారాళముగా పంచిపెట్టినవి. రంగురంగుల రెక్కల పురుగు సీతాకోకచిలుక యైనది. బతుకమ్మలో తంగేడు, గునుగుల సరసన పేర్చు పువ్వు సీతజడ యైనది. భద్రాద్రి దాపున పర్ణశాలలో రాతిమీది చారలను చూపి సీతమ్మ ఆరవేసిన చీర గుర్తులని చెప్పుదురు. ఆ చారలు రాతికెట్లు కలిగెనో భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పగలరు గాని, వారిని అచ్చటికి తోడ్కొనిపోవుట నాకు సమ్మతము గాదు.

ఇక సీతాఫలము. ఇది అమెరికాలోని ఉష్ణప్రాంతములలో పుట్టి పోర్చుగీసువారి యోడలలో వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞుల మాట. ఆ యోడలకు ఎంతో మునుపటి భర్హుతు స్తూపపు శిల్పములలోనే దీనిని గుర్తించితినని పురాతత్త్వవేత్త కన్నింగుహాము దొర వాదించినాడు గాని, ఆ రాతికాయ యే కాయయో చెక్కినవానికే తెలియవలెను. ఎట్లు వచ్చిననేమి, మన గుట్టల నెక్కి, మేకలు సైతము ఆకు ముట్టవు గనుక కంచె లేకయే పెరిగి, దసరా మొదలు దీపావళి దాక బీదసాదల గంపలను నింపుచున్న యా చెట్టుకు వనవాసము చేసిన తల్లి పేరు తగును. పాలమూరు సీమలో బాలానగరు కాయ మిక్కిలి ప్రసిద్ధము. కాయమీది కన్నులు విచ్చి, వాని నడుమ సందులు తెల్లబడి పసుపు దేరినప్పుడే కోయవలెను. కన్ను విచ్చకమునుపు తొందరపడి కోసినది బియ్యములో నెన్నాళ్లు దాచినను మాగక నల్లబడి బిగుసుకొనును. మాగినదానిని కత్తితో కోయరాదు. రెండు చేతుల నడుమ నొత్తి విడదీసి, తొలుత గింజలతో గూడిన తొనలను తిని, పిదప తొక్కనంటియున్న పలుకు పలుకుగా నుండు మీగడను పంటితో గీరుకొని తినవలెను. చెంచాతో తినువారిని నేనెరుగుదును. వారితో నాకు స్నేహము లేదు. ఇప్పుడు గింజలు తీసిన గుజ్జును మంచుగడ్డ చేసి గిన్నెలలో అమ్ముచున్నారు. గింజను నాలుకతో త్రిప్పి త్రిప్పి ఉమియు శ్రమ తీసివేసిన తరువాత అది పంచదార పాలు గాక మరేమి?

సీతాఫలమునకు తోడుగా రామాఫలమును గలదు. నున్నని తొక్కతో, ఎరుపు రంగుతో చూడముచ్చటగా నుండి, శ్రీరామనవమి నాటికి వచ్చును. రామునియందు నాకు భక్తి గలదు. ఆ పండునందు లేదు. లక్ష్మణఫలము ఒడలెల్ల ముండ్లతో, పులుపుతో, ఆ మహానుభావుని కోపమునకు తగినట్లే యుండును. ఇటీవల దానిని సర్వరోగనివారణియని చెప్పి అమ్ముచున్నారు.

గింజల సంగతి యొకటి యున్నది. మా నాయనమ్మ వానిని ఎండబెట్టి, దంచి, నూనెలో కలిపి పిల్లల తలలకు పట్టించెడిది, పేలు చచ్చెడివి. ఆ పొడి కంట పడినచో చూపునకే ముప్పు గనుక, మా కన్నులకు తడిగుడ్డ గట్టి, కదలినవాని వీపున నొకటి చరిచి, ఎండలో వరుసగా కూర్చుండబెట్టెడిది. పండ్లు తినునప్పుడు గంపచుట్టు మూగిన పిల్లలము, ఆమె రోటి దగ్గర కూర్చున్నదని తెలిసినచో, పొద్దుగూకు దాక గడ్డివాముల చాటున దాగెడివారము.