సంతకం ఒకరిది, పేజీ ఎందరిదో

అమెరికాలో 1950 మే-జూన్ సంచికతో 'వియర్డ్ సైన్స్' అనే పది సెంట్ల కామిక్ మొదలైంది. మొదటి సంచికే అయినా దాని వరస సంఖ్య 12. కొత్త పత్రికకు మళ్లీ తపాలా అనుమతి తీసుకోవడం ఖర్చు కాబట్టి, ఇ.సి. కామిక్స్ వాళ్లు అంతకుముందు నడిపిన 'శాడిల్ రొమాన్సెస్' అనే కౌబాయ్ ప్రేమకథల పత్రిక వరసనే సాగదీశారు. గుర్రాలు పోయి రాకెట్లు వచ్చాయి, సంఖ్య మాత్రం అలాగే నడిచింది. తపాలా శాఖ ఒప్పుకోకపోవడంతో 15 తర్వాతి సంచికకు 5 వేశారు. అచ్చులో కనబడే సంఖ్యకే ఇంత వెనకకథ ఉంటే, లోపల బొమ్మ మూలన ఉన్న సంతకాన్ని చూసి 'ఇది ఫలానావారి సృష్టి' అనేయడం తొందరపాటే. పేజీ ఎవరెవరి చేతుల్లోంచి, ఏ వరసలో వచ్చిందో చూడకుండా దాని కర్త ఎవరో తేల్చలేమన్నది నా వాదన.

ఆ సంతకాలు చిత్రకారులవి: వాలీ వుడ్, జో ఓర్లాండో, అల్ విలియమ్సన్. వాళ్లను సంతకం చెయ్యనివ్వడమే కాక ప్రత్యేకంగా పరిచయాలు కూడా వేసిన సంస్థ ఇది. ఆ రోజుల్లో అది చిన్న మర్యాద కాదు. అయినా ఆ సంతకం వెనక మరుగున పడినవాళ్లున్నారు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ బరువు తగ్గడానికి వేసుకునే మాత్రల వల్ల నిద్రపట్టక, రాత్రిళ్లు కథలు చదివి పొద్దున్నే ఎడిటర్ అల్ ఫెల్డ్‌స్టైన్ ముందు కథాబీజాలు కుప్పపోసేవాడు. ఒకటి నచ్చాక ఫెల్డ్‌స్టైన్ విడిగా స్క్రిప్టు రాసేవాడు కాదు. బొమ్మ వెయ్యాల్సిన అట్ట మీదే గళ్లు కొట్టి, వ్యాఖ్యానం, సంభాషణలు పెన్సిల్‌తో అక్కడే రాసేవాడు. ఆ తర్వాత జిమ్ రోటెన్ వాటిని లెరాయ్ పరికరంతో దిద్దేవాడు. ఇంజనీర్లు నక్షాల మీద అక్షరాలు రాసుకునే పరికరమది: గాడి తీసిన పట్టీలో సూది నడుస్తుంటే పక్కన కలం అదే అక్షరం వేస్తుంది. ఇదంతా అయ్యాకే అట్ట వుడ్ చేతికి వచ్చేది. అతని రాకెట్లలో కిక్కిరిసిన మీటర్లు, గొట్టాలు, తీగలు చూసి మురిసిపోతాం గాని, మాటలు ఆక్రమించగా మిగిలిన జాగాలో అతను అవన్నీ పట్టించాడు. ఎవరు ముందు మాట్లాడాలో, ఎక్కడ మాట్లాడాలో అప్పటికే చాలావరకు ఖాయమైపోయి ఉండేది.

బొమ్మ లేకపోతే ఆ కామిక్‌ను ఇప్పుడెవరు తిరగేస్తారు అనవచ్చు. నిజమే, వుడ్ గీతకున్న ఆకర్షణ అలాంటిది. కానీ పాఠకుణ్ణి లాగింది ఎవరన్నది వేరు, పేజీని తయారుచేసింది ఎవరన్నది వేరు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది: అందరినీ చేర్చుకుంటూ పోతే అచ్చుయంత్రం తిప్పినవాడి దాకా ఆగేదెక్కడ? పేజీ ఎలా కనబడాలో నిర్ణయించినవారి దగ్గర ఆగుదామంటాను. ఈ కామిక్‌లకు రంగులు చూసిన మేరీ సెవెరిన్ ఏ గడికి ఏ రంగో నమూనా మీద వేసి చూపేది. దాన్ని చూసి ప్లేట్లు చేసినవాళ్లు వేరే. ఆ లెక్కన కథ పేజీల మీద పేరు లేకపోయినా ఆమె కర్తల్లో ఒకరు. రోటెన్ దగ్గర మాత్రం నాకూ తటపటాయింపే. ఆ పరికరపు అక్షరంలో చేతివాటం కనబడదు. ఆయన్ను కర్త అనకపోయినా, ఎవరు దిద్దారన్నది నమోదు కావాలి.

పేరు రావడంలో పలుకుబడి పాత్ర ఎంతో రచయిత రే బ్రాడ్‌బరీ ఉదంతం చెబుతుంది. ఆయన కథలు రెండిటిని అనుమతి లేకుండా కలిపి 1952లో అదే సంస్థవారి 'వియర్డ్ ఫాంటసీ'లో 'హోమ్ టు స్టే'గా వేశారు. ఆయన కోర్టుకెక్కలేదు; 'మరిచిపోయినట్టున్నారు, 50 డాలర్లు పంపండి' అని మర్యాదగా ఉత్తరం రాశాడు. డబ్బు పంపారు. తర్వాత అనుమతితోనే అనుసరణలు వచ్చాయి, ముఖచిత్రాల మీద ఆయన పేరూ ఎక్కింది. జీతానికి పనిచేసేవారు అలా ఉత్తరం రాయలేరు. మన 'చందమామ'లోనూ బొమ్మల మూల చిత్రా, శంకర్ సంతకాలుండేవి. పిల్లలు నెలంతా ఎదురుచూసిన సీరియళ్ల రచయిత దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఉండేది కాదు. పరాయి దేశాల్లో ఉంటూ పాత సంచికలకు సూచికలు కట్టే మనవాళ్లు 'పేజీ మీద ఉన్న పేరు', 'ఇతర ఆధారాలతో తెలిసిన పేరు' అని రెండు గళ్లు పెట్టుకుంటే, మొదటిది ఖాళీగా ఉన్నా రెండోదాంట్లో సుబ్రహ్మణ్యం గారు ఉంటారు.